చెవి పెట్టి కొన్న రోజులు

ఇప్పటి కుర్రాళ్లు రికార్డు కొనే తీరు చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఫోనులో అట్ట బొమ్మ చూస్తారు. 180 గ్రాముల బరువని రాసుంటే చాలు, రెండు మూడు వేలు పంపేస్తారు. పార్సిలు రాగానే గోడకి ఆనించి ఫొటో తీస్తారు. అది ఏ టేపులోంచి కోసింది, ఎవరు కోశారు, మొదటి అచ్చా తర్వాతి అచ్చా అని ఒక్కడూ అడగడు. పాట ఎలా ఉందిరా అంటే, "సీల్ కూడా విప్పలేదు తాతగారూ" అంటాడు. విననిదానికి అంత డబ్బు ఎందుకు పోశాడో నాకు అర్థం కాదు.

మా రోజుల్లో రాయగడ వాళ్లకి రికార్డు కొనడమంటే రైలెక్కడం. విజయనగరం నుంచి పార్వతీపురం, మా రాయగడ మీదుగా రాయపూర్ దాకా లైను 1931లోనే పూర్తయింది కాబట్టి మాకు విజయనగరం అందుబాటులో ఉండేది. కొరాపుట్, జయపురం వాళ్లు సుంకి ఘాటీ దిగి సాలూరు మీదుగా బస్సులో వచ్చేవారు. ఒడిశాలో ఉన్నాం గానీ మా పాటంతా ఆ దిగువ నుంచి వచ్చిందే. సంగీత దర్శకుడు సాలూరి రాజేశ్వరరావు గారు పుట్టిన శివరామపురం ఆ సాలూరు పక్కనే. గాయని సుశీల గారిది విజయనగరం. ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ నేర్పిన సంగీత కళాశాల 1919 నుంచీ ఆ ఊళ్లోనే ఉంది. అలాంటి చోటికి పోయి, వినకుండా ప్లేటు కొనుక్కొస్తే ఇంట్లో పెద్దవాళ్లు గడప తొక్కనిచ్చేవారు కాదు.

నేను వెళ్లే కొట్టాయన ఒకే సినిమా రికార్డు మూడు నాలుగు కాపీలు తీసి బల్ల మీద పెట్టేవాడు. ఒకటి వేసి, ముల్లు ఎత్తి, "ఏటి బావూ, రెండోది కూడా ఎయ్యమంటావా?" అనేవాడు. వంకాయలు ఏరుకున్నట్టు ఏరుకునేవాళ్లం. విసుక్కున్న రోజు లేదు. అవే పాటలు, అదే కంపెనీ, అట్ట మీద అదే బొమ్మ. అయినా ఒకదాంట్లో మృదంగం గదిలో ఉన్నట్టుంటుంది, ఇంకోదాంట్లో గోడవతల ఉన్నట్టుంటుంది.

ఎందుకలా అంటే, రికార్డు అనేది అచ్చు వేసే వస్తువు. మొదట ఒక లక్కర్ పూత పలక మీద గాడి కోస్తారు. దాన్నుంచి లోహపు మూసలు తీస్తారు. చివరికి నికెలు అచ్చుతో వేడి ప్లాస్టిక్ ముద్దని నొక్కుతారు. ఆ అచ్చు వెయ్యి పైచిలుకు కాపీలు వేసేసరికి అరగడం మొదలెడుతుంది. ముందు దిగిన కాపీకున్న పదును తర్వాత దిగినదానికి ఉండదు. ఇక 1973లో చమురు ధర పెరిగాక ప్లాస్టిక్ కూడా పొదుపుగా వాడారు, పళ్లేలు పలచబడ్డాయి. ఇవన్నీ అట్ట మీద ఎవరూ రాయరు. తెలియాలంటే వినాలి, లేదా లేబులు పక్కన పాట అయిపోయాక మిగిలే నున్నటి జాగాలో గీసిన అంకెలు చదవాలి.

వినడానికీ ఒక పద్ధతుంది. అందరూ మొదటి పాట వేయించుకుంటారు. నేను చివరిది వేయమనేవాణ్ని. ఎల్పీ అంచు దగ్గర ఒక్క చుట్టుకి ముల్లు తొంభై సెంటీమీటర్ల పైన నడుస్తుంది. లేబులు దగ్గరికొచ్చేసరికి నలభై కూడా ఉండదు. తిరగడానికి పట్టే కాలం మాత్రం ఒక్కటే. అంత ఇరుకులో అంత నాదం పట్టాలి గనక లోపం ఏదున్నా అక్కడే బయటపడుతుంది. ఆ చివరి పాటలో సుశీల గారి 'స' వినాలి. మంచి అచ్చయితే ఆ 'స' పట్టులా జారిపోతుంది. అరిగిన అచ్చయితే ఉమ్మినట్టు చిటపటలాడుతుంది. ఆ ఒక్క అక్షరం చాలు, డబ్బులు తియ్యాలా వద్దా తేలిపోతుంది.

పాతది కొంటే కన్ను కూడా పెట్టాలి. ప్లేటుని వెలుగుకి ఏటవాలుగా పట్టుకుంటే నల్లగా నిగనిగలాడాలి. బూడిద రంగు తేలిందంటే గాడి గోడలు అరిగాయన్నమాట. మధ్య చిల్లు చుట్టూ లేబులు మీద వెంట్రుకల్లాంటి గీతలు చూడాలి. ప్లేయరు ఇరుసు కోసం తడుముకుంటూ పెట్టిన ప్రతిసారీ ఒక గీత పడుతుంది. అమ్మేవాడు "రెండుసార్లే వేశామండీ" అన్నా, ఆ గీతలు నిజం చెబుతాయి. మా రాయగడ మజ్జిగౌరమ్మ జాతరలకీ పెళ్లిళ్లకీ తిరిగిన మైకుసెట్టు వాళ్ల రికార్డులు ఈ పరీక్షలో ఒక్కటీ నిలబడవు. బరువైన ముల్లుతో రోజుకి పదిసార్లు దున్నినవి అవి. ఇప్పుడు వాటినే తుడిచి, కొత్త కవరు తొడిగి, 'వింటేజ్' అని అమ్ముతున్నారు.

మా నాన్నగారిది కీ ఇచ్చే గ్రామఫోను. కొండల్లో కరెంటు లేని ఊళ్లు బోలెడు. కీ గ్రామఫోను మీద ఆడేవి నిమిషానికి 78 చుట్లు తిరిగే ప్లేట్లే. ఆ కారణానే మన దేశంలో ఆ 78 ప్లేట్లు మిగతా ప్రపంచం మానేశాక కూడా చాలాకాలం వచ్చాయి. లక్కా, రాతిపొడీ కలిపి చేసినవి, చేయి జారితే ముక్కలే. 1928లో మొదలైన కలకత్తా డమ్‌డమ్ ఫ్యాక్టరీలో అరవైల్లో బీటిల్స్ పాటలు కూడా 78 ప్లేట్ల మీద అచ్చయ్యాయి. ఇంగ్లండులో అప్పటికే 78 ముద్రణ ఆగిపోయింది గనక, ఆ డమ్‌డమ్ ప్లేట్ల కోసం ఇప్పుడు ప్రపంచమంతా వెతుకుతున్నారు. మనవాళ్లు మాత్రం వాటిని పాతసామాన్ల వాడికి తూకానికి వేశారు. ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

మంచి అచ్చు కోసం తిరగడం మన పిచ్చి ఒక్కటే కాదు. సునాబెడ విమాన ఇంజన్ల ఫ్యాక్టరీ క్వార్టర్సులో ఇంగ్లీషు రాక్ వినేవాళ్లు కొందరుండేవారు. లెడ్ జెప్లిన్ రెండో ఆల్బం గురించి నాకు వాళ్లే చెప్పారు. 1969లో బాబ్ లుడ్విగ్ అనే ఇంజనీరు దాన్ని ఎంత జోరుగా కోశాడంటే, చవక ప్లేయర్లలో ముల్లు ఎగిరిపడేది. కంపెనీ భయపడి నెమ్మదైన కోతతో మళ్లీ వేసింది. ఆ తొలి కోతకి గుర్తు లేబులు పక్కన గీసిన 'ఆర్‌ఎల్' అనే రెండక్షరాలు. నేటికీ జనం వెతికేది వాటినే. ఆ మోజు నాకు బాగా అర్థమవుతుంది. అట్ట కోసం కాదు, ఒక మనిషి చేతిపని కోసం వెతుకుతున్నారు.

మరి ఇప్పుడు? 2022లో అమెరికాలో మొబైల్ ఫిడెలిటీ అనే పేరున్న కంపెనీ రికార్డుల తయారీలో ఏళ్ల తరబడి డిజిటల్ మెట్టు ఉందని బయటపడింది. అసలు టేపు నుంచి నేరుగా కోసినవని నమ్మి కొన్నవాళ్లు గగ్గోలు పెట్టారు. వాళ్ల కోపం న్యాయమే, దాచకూడదు. కానీ నా బాధ వేరు. బయటపడేదాకా ఆ రికార్డులు బ్రహ్మాండంగా ఉన్నాయని మెచ్చుకున్నది వాళ్లే. బయటపడ్డాక చెవికి పనికిరాకుండా పోయాయా? చెవి చెప్పింది నమ్మాలి గానీ రేపరు మీది అక్షరాల్ని బట్టి మెచ్చుకోవడం, తిట్టడం ఏమిటి? డిజిటల్‌లోంచి కోసినా బాగుంటే బాగుందనే అంటాను.

కొట్లో కూర్చోబెట్టి వినిపించే మనిషి పోయాడు, అదీ అసలు నష్టం. క్యాసెట్లు వచ్చాక ఆ కొట్లు ఒక్కొక్కటే ముడుచుకున్నాయి. ఉన్న రికార్డుల్ని కొరాపుట్ ముసురు తినేసింది. అక్కడ వానాకాలం అట్టకి బూజు పట్టిందంటే, నెల తిరక్కుండా గాడిలోకి దిగుతుంది. మందపాటి కవరు తీసేసి, నిలువుగా, ఒకదానికొకటి ఒరగకుండా పెట్టమని ఎంతమందికి చెప్పానో. ఇనప్పెట్టెల్లో బోర్లా పేర్చారు, అవి వంకర తిరిగాయి.

1980లో వచ్చిన శంకరాభరణం సినిమా ఎల్పీ నా దగ్గరుంది, కానీ అది ఆలస్యంగా దిగిన అచ్చు. తీగ వాద్యాలు కాస్త మొద్దుబారి వినిపిస్తాయి. ముందు దిగిన కాపీ కోసం ఇప్పటికీ అడుగుతున్నాను. అమ్మేవాళ్లు అట్ట ఫొటోలు అయిదారు పంపుతారు. లేబులు పక్కన గీసిన అంకెలు చదివి చెప్పమంటే జవాబుండదు. విజయనగరంలో ఉన్నా సరే, బరంపురంలో ఉన్నా సరే, ఎవరి దగ్గరైనా ఉంటే వాళ్లింటికే వస్తాను. ప్లేయరు లేదంటే నాదే పట్టుకొస్తాను. రెండు కాపీలుంటే రెండూ వేసి వింటాను, బాగా పలికినదానికి అడిగినంత ఇస్తాను.