చేపలకు పనికిరాని చేతిసంచి

పర్యావరణహిత ప్రీమియం నిత్యవాడకపు సంచి అంటే రెండు కాడలు, ఒక మూతి, ఒక కథ ఉన్న గుడ్డ వస్తువు. కాడలూ మూతీ మామూలు చేతిసంచికీ ఉంటాయి. తేడా అంతా కథలోనే. ఆ కథను గోధుమరంగు అట్టముక్క మీద అచ్చేసి, పురికొసతో కాడకు కడతారు. అట్టకు ఒకవైపు భూమాత, నేతకారులు, సముద్రపు తాబేళ్లు ఉంటారు. రెండోవైపు ధర ఉంటుంది. అది నాలుగంకెల కిందికి దిగితే కథ నమ్మబుద్ధి కాదు కాబట్టి దింపరు.

తయారీలో మొదటి మెట్టు నామకరణం. సంచి అంటే అమ్ముడుపోదు. పెద్దదాన్ని టోట్ అనాలి, చిన్నదాన్ని పౌచ్ అనాలి, భుజాన వేలాడేదాన్ని స్లింగ్ అనాలి. ఈ మూడోదాని పేరు తాతల నాడు జోలె. అడుక్కునేవాళ్ల భుజాన ఉండేది గనుక దానికి అప్పట్లో ధర కట్టడం కుదరలేదు. గోనె, గోతాం, బస్తా అన్న మాటల జోలికి బ్రాండువాళ్లెవరూ పోరు. మోసినవాడి చెమట వాసన ఆ మాటలకు ఇంకా వదల్లేదు.

దీని పూర్వచరిత్ర ప్లాస్టిక్ కవరుతో మొదలవుతుంది. స్వీడన్‌లో సెల్లోప్లాస్ట్ సంస్థ ఇంజినీరు స్టెన్ గుస్తాఫ్ తులిన్ రూపొందించిన పాలిథిన్ చేతిసంచికి 1965లో అమెరికా పేటెంటు దక్కింది. కాగితపు సంచుల కోసం చెట్లు కొట్టేస్తున్నారన్న దిగులుతో చేసిన పని అదని, ఆయన జేబులో ఎప్పుడూ ఒకటి మడిచి ఉండేదని కొడుకు తర్వాత చెప్పాడు. అంటే ఇవాళ భూమిని ముంచుతోందని పేరుపడ్డ కవరు కూడా పుట్టినప్పుడు పర్యావరణహిత సంచే. ఈ ముక్క ఏ అట్ట మీదా అచ్చు కాదు.

1993లో జూరిచ్‌లో ఫ్రైటాగ్ అన్నదమ్ములు లారీల పాత టార్పాలిన్‌తో సంచులు కుట్టి బ్రాండు చేశారు. ఉత్తరాంధ్రలోని నర్సీపట్నంలో పాత టార్పాలిన్ టీ బడ్డీ కప్పుకో గడ్డివాముకో పోతుంది. దాన్ని చూసి ఎవరికీ కథ తట్టలేదు. 2007లో లండన్ డిజైనర్ అన్యా హైండ్‌మార్చ్ ‘నేను ప్లాస్టిక్ సంచిని కాను’ అని ఇంగ్లీషులో రాసిన గుడ్డ సంచి తెస్తే, ఒక సూపర్‌మార్కెట్ గొలుసులో 5 పౌండ్ల చొప్పున 20,000 సంచులు గంటలో ఖాళీ అయ్యాయి. కుట్టింది చైనాలో. 2022లో ఫ్యాషన్ సంస్థ బాలెన్సియాగా చెత్తబుట్ట కవరు ఆకారంలో తోలు సంచి చేసి 1,790 డాలర్లకు పెట్టింది. అది కనీసం పర్యావరణం పేరెత్తలేదు, ఆ మేరకు నిజాయతీ ఉంది. ఇక 2025లో అమెరికాలో మన మిఠాయి కొట్టు జోలాను 48 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. అప్పట్నుంచీ ఫోన్ తెరిస్తే చాలు, ఎవరో ఒకరు ఉద్యోగం మానేసి ‘మనసుకు దగ్గరగా’ ఒక చిన్న సంచుల బ్రాండు మొదలుపెడుతూ కనిపిస్తున్నారు.

నర్సీపట్నం మైదానానికీ మన్యానికీ మధ్య గుమ్మం. చింతపల్లి కొండల నుంచి చింతపండు, పసుపు, అడ్డాకులు, కొండచీపుర్లు ఈ దారినే దిగుతాయి. ప్రీమియం సంచి మాత్రం ఎదురు వస్తుంది. చలికాలం లంబసింగి మంచు చూడ్డానికి విశాఖ నుంచి తెల్లారకముందే వచ్చే కార్లలో, భుజాలకు వేలాడుతూ ఎక్కుతుంది. ఈ భూమి పోతే మరోటి లేదని దాని మీద రాసి ఉంటుంది. లోపల నీళ్ల సీసాలు, చిప్స్ పాకెట్లు. దిగేటప్పుడు సంచి ఖాళీగా, కడిగినట్టు ఉంటుంది. లోపలున్నదంతా లంబసింగి దగ్గరి చెరువులవేనం కొండ మీద ఉంటుంది.

ముడిసరుకులు నాలుగు రకాలు. మొదటిది నూలు, దాని లెక్క కింద వస్తుంది. రెండోది నాన్ వోవెన్: చూడ్డానికి గుడ్డ, పుట్టుకకు పాలీప్రొపిలీన్, అంటే చీర కట్టుకున్న ప్లాస్టిక్. చదరపు మీటరుకు 60 గ్రాముల లోపు బరువున్నదాన్ని కేంద్రం 2021 సెప్టెంబరు 30 నుంచి నిషేధించింది. దాన్ని గుడ్డ సంచి అని చేతికిచ్చి రెండు రూపాయలు వసూలు చేయడం మాత్రం నిషేధానికి అందలేదు. మూడోది పాత ఫ్లెక్సీ. నాయకుడి పుట్టినరోజు మర్నాడు సరుకు సమృద్ధిగా దొరుకుతుంది. సంచికి ఒకవైపు సగం మీసం, రెండోవైపు నమస్కారం పెట్టిన ఒక చెయ్యి వస్తాయి.

నాలుగోది గోగునార. ఉత్తరాంధ్రకు ఇది పరాయి సరుకు కాదు. గోంగూర కుటుంబపు మొక్క కాండం నుంచి తీసే ఈ నార భీమునిపట్నం రేవు మీదుగా ఓడలెక్కినందుకే ప్రపంచ వ్యాపారంలో దానికి బిమ్లీ జనపనార అన్న పేరు నిలిచింది. ఆకు పచ్చడికి, కాండం నారకు, నార పోగా మిగిలిన పుల్ల పొయ్యిలోకి. సంచి బ్రాండ్లు ఇంగ్లీషులో ‘జీరో వేస్ట్’ అని రాసుకునేది ఈ మొక్క సంసారానికే. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నారు గానీ, దానికి కెనాఫ్ అని పేరు పెడితే పనికొస్తుంది.

ఇక్కడ వ్యంగ్యానికి చోటు తక్కువ. గోగు కోసి, కట్టలు కట్టి, చెరువులో రెండు మూడు వారాలు ఊరబెట్టి, కుళ్లిన నీళ్లలో నిలబడి నార ఒలవాలి. ఆ వాసన ఒంటిని వదలడానికి రోజులు పడుతుంది. అది చేసినవాళ్ల పేరు ఏ సంచికీ ఎక్కలేదు. సిమెంటు, ఎరువుల బస్తాలు ప్లాస్టిక్‌కు మారిపోయాయి, గోగు ధర గిట్టలేదు, మిల్లులు ఒక్కొక్కటిగా కుదేలయ్యాయి. చిట్టివలస జూట్ మిల్లుకు 2009లో లాకౌట్ పడింది. నెల్లిమర్ల మిల్లు గేటుకు తాళం పడటం, తీయడం, మళ్లీ పడటం అక్కడి కార్మికుడికి కేలండరులో పండగల్లా అలవాటైపోయింది. ఆ రోజుల్లో గోనె సంచి కోసం కన్నీరు పెట్టిన పర్యావరణ ప్రేమికుడు ఒక్కడూ గేటు ముందుకు రాలేదు. ఇప్పుడు ‘మనం మరచిపోయిన నారను మళ్లీ కనుగొన్నాం’ అని అట్ట మీద రాస్తున్నారు. మరచిపోయింది ఎవరు? గోగు వేసిన రైతు మరచిపోలేదు, గిట్టక మానేశాడు. మిల్లులో మగ్గం నడిపినవాడు మరచిపోలేదు, బకాయిల కోసం కోర్టుల చుట్టూ తిరిగాడు. ఆహారధాన్యాలు జనపనార సంచుల్లోనే నింపాలని 1987 నుంచి చట్టం ఉంది. ఖరీఫ్ ధాన్యం కొనుగోళ్లు మొదలైతే ‘గోనెలు రాలేదు’ అన్న మాట కళ్లాల్లో వినపడుతూనే ఉంటుంది. ధాన్యం నింపడానికి అందని గోనె, జిప్పు కుట్టి లోపల పువ్వుల అస్తరు వేస్తే మాత్రం కావలసినంత దొరుకుతుంది.

తర్వాతి అంశం వాడకం. పేరులోనే నిత్యవాడకం ఉంది. నిత్యం అంటే ఏమిటో సంచితో వచ్చే జాగ్రత్తల చీటీ చెబుతుంది: నీళ్లలో నానబెట్టొద్దు, మెషీన్లో వేయొద్దు, ఎండలో ఎక్కువసేపు ఉంచొద్దు, మరక పడితే తడిగుడ్డతో అద్దండి, రుద్దొద్దు. ఇది సంచికి రాసినట్టు లేదు, బాలింతకు చెప్పినట్టుంది.

నర్సీపట్నంలో నిత్యం అంటే ముందు చేపలు. తీరం నుంచి వచ్చిన కవళ్లో, చెరువు బొచ్చెలో, ఏదైనా నీరు కారుతుంది. తర్వాత కోడి. ఆదివారమైతే వేట మాంసం. ఆపైన మట్టితో ఉన్న చేమదుంపలు, తడి ఆరని గోంగూర కట్ట, పగిలితే అందరికీ తెలిసేలా పగిలే టమాటాలు, మూత సరిగ్గా బిగియని నూనె సీసా. వీటిలో ఒక్కటి కూడా ఆ చీటీ ఒప్పుకునే సరుకు కాదు. చీటీ ప్రకారం ఆ సంచిలో నిర్భయంగా పెట్టదగినవి పుస్తకం, కళ్లద్దాల పెట్టె, ఇంకో సంచి.

అయినా మార్కెట్‌కు తెస్తారు. తెచ్చాక జరిగేది ఇది. చేపలామె తోక కోసి, పొలుసు తీసి, ముక్కల్ని నల్ల కవరులో వేస్తుంది. కారుతుందేమోనని ఆ కవరును ఇంకో కవరులో పెట్టమని సంచి యజమాని అడుగుతాడు, ఎందుకంటే సంచి ఖరీదైనది. కోడి మాంసానికి ఒక కవరు, ఇడ్లీ పిండికి ఒకటి, పెరుగుకు ఒకటి, గోంగూర తడికి ఒకటి. అన్నిటినీ జాగ్రత్తగా ప్రీమియం సంచిలో సర్దుకుని వెళతాడు. ప్లాస్టిక్ మీద యుద్ధానికి బయల్దేరిన సంచి ఆరు ప్లాస్టిక్ కవర్లకు పల్లకీ అయింది. మామూలు సంచి అయితే చేపకు ఒక్క కవరుతో సరిపోయేది. మిగతావి ఒకదాని మీద ఒకటి పడి ఇంటికి చేరేవి, సంచిని కుళాయి కింద పెట్టి ఉతికేవాళ్లు.

ఆ పక్కనే ఒక పెద్దావిడ చేతిలో ప్లాస్టిక్ వైరు బుట్ట ఉంటుంది. ఎరుపు, తెలుపు గళ్లు. ఎప్పుడు అల్లిందో ఆమెకే గుర్తుండదు. కాడ ఒకసారి తెగితే చీర అంచు చుట్టి ముడేసింది. చేపలకు స్టీలు డబ్బా తెచ్చుకుంటుంది. డబ్బా బుట్టలో, బుట్ట మోచేతికి, ఇంటికెళ్లాక రెండూ కుళాయి కిందకు. ఆ మార్కెట్లో నిజంగా పర్యావరణహితమైన నిత్యవాడకపు సంచి అదొక్కటే. అది ప్లాస్టిక్‌ది. ఈ సంగతి ఎంత ఇబ్బందికరమంటే, సంచుల వ్యాపారంలో దీన్ని ఎవరూ పైకి అనరు. అదే కోవలోది యూరియా బస్తా చింపి కుట్టిన సంచి. దాని మీద నత్రజని శాతం ఇంకా చదవొచ్చు. అట్ట మీద కథకంటే అది నమ్మదగిన అచ్చు.

ఇక లెక్క. డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, పర్యావరణానికి జరిగే అన్ని రకాల హానుల్లోనూ అక్కడి దుకాణాల పాలిథిన్ సంచితో సరితూగాలంటే మామూలు నూలు సంచిని 7,100 సార్లు, సేంద్రియ పత్తి సంచిని 20,000 సార్లు వాడాలి. సేంద్రియానిది పెద్ద అంకె కావడానికి కారణం దిగుబడి తక్కువ కావడం. వాతావరణ మార్పు ఒక్కటే చూస్తే అంకెలు 52కూ 149కూ దిగుతాయి. కాలవలో చిక్కుకున్న కవరు, ఆవు కడుపులోకి పోయిన కవరు ఈ లెక్కలో లేవు. ఉంటే పాలిథిన్‌కు ఇంత సుఖం ఉండదు. అదంతా ఒప్పుకున్నా, మన్యం సంత వారానికోసారి. 7,100 సంతలకు 136 ఏళ్లు పడుతుంది. అంటే ఇవాళ్టికి ఆ లెక్క తీరాలంటే, 1922లో అల్లూరి సీతారామరాజు చింతపల్లి, కృష్ణదేవిపేట ఠాణాల మీద పడేనాటికే ఆ నూలు సంచికి ముప్పై దాటి ఉండాలి. సేంద్రియ సంచికి ఇవాళ 20,000వ సంత కావాలంటే, దాన్ని అబ్దుల్లా కుతుబ్‌షా గోల్కొండ ఏలుతున్నప్పుడు కొని ఉండాలి. ఒక్కటే సంచి ఉంటేనే ఈ లెక్క. బ్రాండు మాత్రం వర్షాకాలానికో రంగు, సంక్రాంతికో రంగు తెస్తుంది. ఐదు సేంద్రియ సంచులున్నవారు కుతుబ్‌షాలను దాటి కాకతీయుల వెనక్కి పోవాలి.

పెళ్లిళ్ల తాంబూలం సంచుల మాట ఎత్తనే లేదు. ఒక మాఘమాసం గడిస్తే ఇంటికి కొత్తగా సంచి కొనాల్సిన అవసరం పదేళ్లు రాదు.

ధర విషయానికొస్తే, అందులో గుడ్డ వాటా కొంచెం, కుట్టుకూలి వాటా ఇంకా కొంచెం. మిగతాది ఫొటోలకు, కథకు, సంచి వచ్చే సంచికి, ఆ సంచి వచ్చే పెట్టెకు, ఆ పెట్టెను చుట్టిన కొరియర్ ప్లాస్టిక్‌కు. ‘గ్రామీణ మహిళలకు ఉపాధి’ అన్న వాక్యం అట్ట మీద తప్పకుండా ఉంటుంది. సంచికి వాళ్ల చేతికి ఎంత వచ్చిందన్న అంకె ఏ అట్ట మీదా ఉండదు. ఆ ఒక్క అంకె అచ్చేసిన రోజున మిగతా కథంతా చింపేయొచ్చు. వేయరు.

ఇలాంటి సంచి ఆవిష్కరణ సభకు ప్రత్యేక విధానం ఏమీ లేదు. వేదిక వెనక కొత్త ఫ్లెక్సీ, వక్త ముందు నీళ్ల సీసా, చేతికి సెల్లోఫేన్ చుట్టిన పూలగుత్తి.

చివరిది ఆయుర్దాయం. నర్సీపట్నం అబీద్ సెంటర్ చుట్టుపక్కల ఏ టైలరు దగ్గరైనా చిరిగిన ప్యాంటు కాలు సంచి అవుతుంది. మోకాలి దగ్గర అరిగితే అక్కడికి కోసి పొట్టి సంచి కుడతాడు. కూలి టీ ఖర్చుకు కాస్త పైన. ఆ సంచి కొన్నేళ్లు కూరలు మోస్తుంది. కింద కుట్టు వదిలాక ఉల్లిపాయలు పోసుకుని వంటింటి మేకుకు వేలాడుతుంది. ఆ తర్వాత మసిగుడ్డ. ఆ తర్వాత సైకిల్ తుడిచే గుడ్డ. చివరికి వానాకాలం పొయ్యి రాజేయడానికి.

ప్రీమియం సంచికి ఈ దశలు లేవు. దానిది ఒకే మజిలీ, బీరువా పై అర. రెండో బ్రాండు సంచి వచ్చాక మొదటిది దాన్ని దాచుకోవడానికి పనికొస్తుంది. మూడోది వస్తే రెండూ మడిచి అందులో పెడతారు. తీసి చూస్తే మరక ఉండదు, చేప వాసన ఉండదు. కథ రాసిన అట్ట కాడకు అలాగే ఉంటుంది.