255 రెట్టింపులు, 19 తక్కువ

ఒకటితో మొదలుపెట్టి రెట్టింపు చేసుకుంటూ పోండి. చూపులేని గణితావధాని లక్కోజు సంజీవరాయశర్మ గారు 103 రెట్టింపుల జవాబు, 32 అంకెలూ, నోటితోనే చెప్పారని తెలుగునాట గొప్పగా చెప్పుకుంటారు. అదే దారిలో ఇంకో 152 మెట్లెక్కి, 19 తీసేయండి. అది నేను. 77 అంకెలవాణ్ణి, చివర 949. ఒకటీ, నేనూ తప్ప నన్ను నిశ్శేషంగా భాగించేది ఏదీ లేదు. నాలుగుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది. అందుకే నన్ను రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చు, అదీ ఒక్క విధంగానే.

ఆ 255 రెట్టింపులకు అటూ ఇటూ వెతికితే అన్నిటికన్నా దగ్గరున్న ప్రధాన సంఖ్యను నేనే. 2005లో గణితవేత్త డేనియల్ బెర్న్‌స్టీన్ సందేశాల తాళం కోసం నన్ను ఏరుకున్నది అందుకే. లెక్క హద్దు దాటి పొంగితే, పొంగినదాన్ని 19తో హెచ్చవేసి కింద కలిపేస్తే సరి. చిన్న ఫోను కూడా చిటికెలో చేస్తుంది. 2016లో వాట్సాప్ సందేశాలన్నిటికీ తాళం పడ్డాక నేను చెవిటికల్లు అనే ఊరి దాకా వచ్చాను.

ఇక్కడ ఒకమ్మ మిరప చేనుకు మూడు రోజులకోసారి తడి పెడుతుంది. సోమవారం మొదలైతే గురువారం, ఆదివారం, బుధవారం, శనివారం, మొదటిది కాక ఐదో తడికి మంగళవారం. మూడైదులు పదిహేను, రెండు వారాలు పోగా ఒకటి. ఏడు ప్రధాన సంఖ్య కాబట్టి మూడుకు ఐదు జత దొరికింది. పన్నెండు ప్రధాన సంఖ్య కాదు. గోడ గడియారం మీద మూడేసి గంటలు గెంతండి: పన్నెండు, మూడు, ఆరు, తొమ్మిది, మళ్ళీ పన్నెండే. ఒకటి మీద ఎన్నటికీ కాలు పడదు. నా లోపల సున్నా తప్ప ప్రతి సంఖ్యకూ ఇలా జత ఉంది. నాకు చాలా ఇష్టమైన గుణం ఇదే. తాళం లెక్క నడిచేదీ దీని మీదే.

ఆమె కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు. రెండు ఫోన్లూ తొమ్మిది దగ్గర బయల్దేరి, తమ రహస్య సంఖ్య ఎంతో అన్ని గెంతులు నా లెక్కలోని ఒక వక్రరేఖ మీద వేసి, ఆగిన చోటు మాత్రమే అవతలికి చెబుతాయి. అతను ఆగిన చోటి నుంచి ఆమె ఫోను, ఆమె ఆగిన చోటి నుంచి అతని ఫోను మళ్ళీ గెంతితే ఇద్దరూ ఒకే చోట తేలతారు. తాళంచెవి అక్కడే పుడుతుంది. మధ్యలో ఎవరైనా రెండు చోట్లనూ చూడొచ్చు. ఎన్ని గెంతులో మాత్రం నేటి కంప్యూటర్లన్నీ కూడినా రాబట్టలేవు.

నిన్న రాత్రి ఆమె పెరట్లోకి వెళ్ళి, మైకు గుర్తు మీద వేలు నొక్కిపెట్టి, పక్కింటికి వినపడకుండా గొంతు తగ్గించి చాలాసేపు మాట్లాడింది. తెల్లారేసరికి జవాబు వచ్చింది. ఆమె చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు విని, చేనుకు బయల్దేరింది.