పరుపుల మీద దొరలు, చాప మీద బామ్మర్ది

మా బావ ఇంట్లో బూరుగుదూది పరుపులు రెండు. రెండింటి మీదా కుక్కలే పడుకుంటాయి. అక్కాబావలది నవారు మంచం. చుట్టంచూపుగా పోయిన నాకు చాప. "కింద మెత్తగా లేకపోతే మోచేతులు కాయలు కాస్తాయి బామ్మర్దీ. వాటికి ఒంట్లో కొవ్వుండదు గదా" అంటాడు బావ. నాకది దండిగా ఉందన్న మాట మాత్రం పైకి అనడు. నా వైపు ఒకసారి, చాప వైపు ఒకసారి చూసి ఊరుకుంటాడు.

వాళ్లది తూపిలిపాలెం వైపు ఊరు. సముద్రం కూతవేటు దూరం. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు వాకాడు ప్రాంతం కాగితాల మీద తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ బావ మాత్రం నెల్లూరోడిగానే మిగిలిపోయాడు. రొయ్యల గుంటల మనిషి. టైగరు రొయ్య మీద సంపాదించి, తెల్లమచ్చ రోగానికి పోగొట్టుకుని, వెనామీతో మళ్లీ తేరుకున్నాడు. ఆ రోజుల్లో ఆయనకు కుక్కంటే గుంటగట్టు మీద గొలుసుకు కట్టేసే జీవం. దానికి పేరు కూడా ఉండేది కాదు. "ఒరేయ్" అంటే పలికేది. అప్పట్లో మమ్మల్నందర్నీ ఆయన అలాగే పిలిచేవాడు కాబట్టి మేమూ పలికేవాళ్లం.

ఈ మనిషి మారడానికి మూలం అమెరికా. మా మేనకోడలు ఫ్లోరిడాలో, టాంపాలో ఉంటుంది. ఆ పక్కన సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో డెర్బీ లేన్ అని 1925 నుంచి కుక్కపందేలు నడిపిన మైదానం ఒకటుంది. తిప్పే బొమ్మ కుందేలు వెనక గ్రేహౌండ్లు పరుగెత్తాలి, జనం డబ్బు కాయాలి, అదీ ఆట. 2018 నవంబరులో ఓటర్లు ఆ పందేలు వద్దన్నారు. 2020 చివరికల్లా ఫ్లోరిడా అంతటా ఆగిపోయాయి. పనిలేక మిగిలిన కుక్కల్ని దత్తత ఇచ్చారు. అందులో ఒకటి మా పిల్ల ఇంటికొచ్చింది. అది పుట్టిన దగ్గర్నుంచీ బోనూ మైదానమే ఎరుగును. మేడమెట్లు చూస్తే వణుకు, అద్దం తలుపు కనపడితే అయోమయం. కూతుర్ని చూసి రావడానికి పోయిన బావ ఆ కుక్కకు మెట్లెక్కడం నేర్పాడు. ఒక్కో కాలూ తన చేత్తో ఎత్తి మెట్టు మీద పెట్టాడట. కన్న కూతురికి సైకిల్ నేర్పమంటే గుంట దగ్గర పనుందన్న మనిషి!

తిరిగొచ్చి టీ అంగట్లో "మా అమ్మాయి గ్రేహౌండ్‌ని ఇంట్లో పెట్టుకుంది" అన్నాడు. మనవైపు గ్రేహౌండ్స్ అంటే 1989లో కె.ఎస్. వ్యాస్ ఏర్పాటు చేసిన పోలీసు దళమే. సాయంత్రానికల్లా అల్లుడు ఉద్యోగం మానేసి తుపాకి పట్టాడని ఊరంతా పాకింది. అక్క ఫోన్లో ఏడుస్తుంటే ఆ మంట ఆర్పడానికి నాకు తల ప్రాణం తోకకొచ్చింది.

ఇక మన దొరల సంగతి. పక్క గుంటాయన ఒకడు కాపలాకని తమిళనాడు నుంచి రెండు రాజపాళయం కుక్కల్ని తెప్పించాడు. తీరా వచ్చినవి చిప్పిపారై. అవీ మన దేశపు వేటజాతే, గ్రేహౌండ్‌కు దగ్గరి చుట్టాల్లాగే ఉంటాయి: సన్నటి మూతి, లోపలికి పోయిన కడుపు, వెదురుబద్దల్లాంటి కాళ్లు. వాసన కంటే చూపును నమ్ముకుని వేటాడతాయి. ఎక్కడో కుందేలు కదిలితే ప్రాణం లేచొస్తుంది. వలేసుకుని తీరిగ్గా గుంటలోకి దిగే దొంగ మాత్రం వీటి కంటికి మనిషి కిందే లెక్క కాదు. మొరగవు కూడా. ఆ ఏడు రొయ్య దెబ్బతిని గుంట ఎండబెట్టేశాక ఆయన వాటిని గట్టు మీదే వదిలేసి పోయాడు. బావ పోయి తెచ్చుకున్నాడు. ఒకదాని పేరు చిట్టి. రెండోది కలెక్టరు. వచ్చినవాళ్ల చెప్పులన్నీ మోసుకుపోయి తన పరుపు మీద పోగేసుకుంటుంది కాబట్టి ఆ పేరు. నా చెప్పుల్లో ఎడమది ఇంకా వాళ్లింట్లోనే ఉంది.

గ్రేహౌండ్ గంటకు 70 కిలోమీటర్ల వేగం అందుకుంటుందంటారు. మావి ఒక్క కిలోమీటరు కూడా తగ్గవంటాడు బావ. నిజం చెప్పాలంటే పొద్దున్నే తడి ఇసక మీద గొలుసు విప్పినప్పుడు చూడాలి. నాలుగు కాళ్లూ గాల్లోనే ఉంటాయి, ఇసక మీద అడుగులు పడ్డాయా లేదా అని వంగి చూడాల్సి వస్తుంది. ఆ వైభవం ఒక నిమిషం. మిగతా రోజంతా నిద్ర. అదీ వెల్లకిలా పడి, కాళ్లు ఆకాశానికెత్తి, నాలుక పక్కకి జార్చి. మొదటిసారి చూసినప్పుడు పాలమ్మాయి చచ్చిపోయిందనుకుని కేకేసింది.

ఆ పాలమ్మాయే వీధిలో అందరి తరఫునా అడిగేసింది: "ఏందయ్యా, మూగజీవాలకి ఇంత కూడు పెట్టవా?" ఎముకలు లెక్కపెట్టుకోవచ్చు మరి. బావకు కావాల్సింది అదే. చిట్టిని పక్కకు తిప్పి నిలబెట్టి, "ఈ జాతికి రెండు మూడు పక్కటెముకలు కనపడాల్సిందే. కనపడకపోతేనే జబ్బు" అని మొదలుపెట్టి గుండె ఎంత పెద్దదో, తొడకండ ఎంత గట్టిదో, అందుకే కూచోవడం ఎంత కష్టమో చెప్పేసరికి ఆ పిల్ల పాలు విరిగేంత పొద్దెక్కుతుంది. గేదెను చూడ్డానికొచ్చిన కుర్ర పశువుల డాక్టరుకు కూడా పాఠమే: "ఈ జాతికి థయోపెంటాల్ మత్తు పడదు, ఒంట్లోంచి తొందరగా పోదు." ఆ మాట నిజమేనని డాక్టరు ఒప్పుకున్నాడు. ఆ రోజంతా బావను పట్టలేకపోయాం. 2005 జనవరిలో తపాలా శాఖ దేశీ కుక్కల మీద నాలుగు బిళ్లలు వేసింది: రాజపాళయం, ముధోల్, రాంపూర్, హిమాలయన్ షీప్‌డాగ్. చిప్పిపారై లేదు. అది పోస్టుమ్యాన్ తప్పన్నట్టు ఇప్పటికీ ఆయన్ని నిలదీస్తాడు.

అక్క రోజూ సణుగుతుంది. "మీ బావకి నేను కూడా నాలుగు కాళ్లతో పుట్టుంటే బాగుండేది" అంటుంది. ఆ నోటితోనే సణుగుతూ, మామిడికాయ వేసిన చేపల పులుసు పొయ్యెక్కకముందే ఉప్పూ కారం లేని ముక్కలు విడిగా ఉడకబెట్టి, ముల్లు ముల్లూ ఏరి పక్కన పెడుతుంది. నా విస్తట్లో ముళ్లు నేనే ఏరుకోవాలి. చలవరాళ్లు తీసేయించి ఇల్లంతా గోనెపట్టాలు పరిపించింది కూడా ఆవిడే. నున్నటి నేల మీద వాటి కాళ్లు నాలుగు దిక్కులకీ జారిపోతున్నాయని.

2023 జూలై 14న చంద్రయాన్-3 పైకి లేచింది. మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు శ్రీహరికోట వైపు తిరిగి ఊరు ఊరంతా మిద్దెలెక్కింది. నేను ఆ రోజు అందుకోసమే పనిగట్టుకుని పోయాను. పొగ లేచింది, నిప్పు కనపడింది, కాసేపటికి ఉరుము దొర్లుకుంటూ వచ్చింది. జనం చప్పట్లు. బావ ఏడని చూస్తే మిద్దె మీద లేడు. కిందికి పోతే నవారు మంచం కింద రెండు పాదాలు కనపడ్డాయి. లోపల కలెక్టరు వణుకుతోంది. బావ దాని చెవులు రెండూ అరచేతుల్తో మూసి, "ఏం లేదు నాయనా, చందమామ దాకా పోయొస్తారంట, అంతే" అని చెబుతున్నాడు. దేశం గర్వపడే ఘడియలో ఈయన కుక్కకు రాకెట్ గురించి సర్దిచెబుతున్నాడు. నాకు ఒళ్లు మండింది. వంగి తిడదామని మంచం దగ్గరికి పోతే చిట్టి వచ్చి తన బరువంతా నా మోకాలికి ఆనించి నిలబడింది. ఇవి ముద్దొస్తే అంతే, మొరగవు, నాకవు, ఒరిగిపోతాయి. పై పళ్లూ కింది పళ్లూ చిన్నగా టకటకలాడిస్తుంది. సంతోషానికట. కదిల్తే పడిపోతుందని నేను అలాగే నిలబడ్డాను. రాకెట్ ఎటు పోయిందో నేనూ చూడలేదు.

అప్పటి నుంచి నా ఫోన్లో పిల్లల ఫోటోలకు చోటు చాలడం లేదు. ఆఫీసులో ఒకతన్ని ఆపి, పక్కటెముకలు కనపడ్డమే ఆరోగ్యమని ఈ మధ్యే చెప్పాను. అతను అడగలేదు.

మొన్న రాత్రి బావ ఫోను. మైపాడు వైపు ఎండబెట్టిన గుంట దగ్గర ఇంకొకటి తిరుగుతోందట, ఆడది, గోధుమ రంగు. మీ అక్క మూడోదాన్ని తెస్తే పుట్టింటికి పోతానంటోంది అన్నాడు. అక్కకు పుట్టిల్లంటే నెల్లూరులో మా ఇల్లే. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

"అవునూ బామ్మర్దీ, మీ ఇంట్లో కింద టైల్సా, కడప బండలా?"

"కడప బండలే బావా, అస్సలు జారవు" అన్నాను. మెట్లు కూడా లేవని, ఆయన అడక్కముందే చెప్పేశాను.