టేకాఫ్ మాత్రం అదిరింది!

పెట్రోలు ఇంజను బిగించిన పెద్ద నమూనా విమానం మొదటిసారి గాల్లోకి లేచి, నిమిషం తిరక్కుండా ముక్కు విరగ్గొట్టుకుంటే మన రిమోట్ వీరులు దాన్ని ఏమంటారో తెలుసా? ‘టెస్ట్ ఫ్లైట్ సక్సెస్!’ టేకాఫ్ అదిరిందట, ఇంజను పాట పాడిందట. ఆఖర్న కాస్త సిగ్నల్ పోయిందట, అంతే.

ఈ కబురు గోవాడలో చెల్లదు. పంచదార ఫ్యాక్టరీ పొగ చూస్తూ పెరిగిన ఊరికి యంత్రం తీరు తెలుసు. క్రషింగ్ మధ్యలో మిల్లు ఆగి, కాటా దగ్గర బళ్ళు బారులు తీరి, చెరకు గడలు ఎండుతున్నప్పుడు ఎవరైనా వచ్చి ‘బాయిలరు వెలిగించడం వరకూ దిగ్విజయం’ అన్నారనుకోండి. రైతు లోడులోంచి ఓ గడ లాగి మరీ జవాబు చెప్తాడు.

ఇక ఆ సిగ్నల్ సంగతి. పాపం, నోరు లేనిది కాబట్టి ఏ నింద వేసినా పడుతుంది. పెట్రోలు ఇంజనులో స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ పెట్టె తనే ఓ చిన్న రేడియో స్టేషను. రిసీవర్ని దాని పక్కనే టేపుతో అంటించేసి, సిగ్నల్ ఎవరో ఎత్తుకుపోయారని ఆకాశంకేసి చూస్తే ఎలా? రిమోట్‌ని తక్కువ పవర్‌లో పెట్టి, ఇంజను ఆపి ఒకసారి, నడిపి ఒకసారి, అడుగులేసుకుంటూ వెనక్కి నడిచి రెక్కలు మాట వింటున్నాయో లేదో చూడాలి. సిగ్నల్ తెగితే ఇంజను దానంతటదే తగ్గేలా ఫెయిల్‌సేఫ్ పెట్టుకోవాలి. స్టిక్ కుడికి నొక్కితే కుడి రెక్క వెనకంచున ఉండే ఎయిలరాన్ పైకి లేవాలి. అది కిందికి దిగిందంటే విమానం ఎడమకి పడుతుంది, వీరుడు కంగారులో ఇంకా కుడికి నొక్కుతాడు, అది ఇంకా ఎడమకి పడుతుంది. మిగతాది నేల చూసుకుంటుంది. ఇంత పరీక్షా నేలమీదే అయిపోతుంది. కానీ నేలమీద చేసేదాన్ని వీడియో తీస్తే చూసేదెవరు?

బరువు తూకం మరీ తమాషా. రెక్క వెడల్పులో ముందంచు నుంచి సుమారు పావు వంతుకీ మూడో వంతుకీ మధ్యలో వేళ్ళ మీద నిలిపితే విమానం తూగాలి. ముక్కు బరువైతే సరిగ్గా ఎగరదు, తోక బరువైతే ఒక్కసారే ఎగురుతుంది అని ఆ విద్య తెలిసినవాళ్ళే నవ్వుతూ చెప్పుకుంటారు. మనవాళ్ళు రెండో రకాన్ని ‘పరీక్ష’ అంటున్నారు.

ఈ జబ్బు పిల్లకాయలకే అంటిందనుకునేరు. తెలుగు మాట గట్టిగానే వినిపించే హోసూరు దగ్గర, 2009 నవంబరు 16న డీఆర్‌డీవో తన మనిషి లేని విమానం రుస్తుం-1ని మొదటిసారి లేపింది. ఎత్తు అంచనా తప్పి, నేలమీంచే ఇంజను ఆపేశారు. పడింది. ట్యాక్సీయింగూ టేకాఫూ అనుకున్నట్టే జరిగాయన్న ముక్క మాత్రం వార్తల్లోకి క్షేమంగా దిగింది! అయితే వాళ్ళు సిగ్నల్ మీద తోసెయ్యలేదు, అంచనా తప్పిందనే చెప్పారు. మళ్ళీ తయారై 2010 అక్టోబరు 16న ఎగరేశారు, అరగంట తిప్పారు. అంతకుముందు అమెరికాలో లాంగ్లీ అనే పెద్దమనిషి 1901లోనే మనిషి లేని పెట్రోలు నమూనాని ఎగరేశాడు. 1903లో మనిషిని ఎక్కించిన పెద్ద విమానం రెండుసార్లు పొటోమాక్ నదిలో మునిగితే తప్పంతా దాన్ని గాల్లోకి విసిరే యంత్రానిదే అన్నాడు. రెండో మునక అయిన తొమ్మిదో రోజున రైట్ సోదరులు ఎగిరారు.

2021 డ్రోన్ నిబంధనల ప్రకారం 25 కిలోల లోపు నమూనా విమానం కంటిచూపు మేరలోనే ఎగరాలి. గోవాడ చుట్టుపక్కల ఏపుగా పెరిగిన చెరకు తోట మనిషికంటే ఎత్తు. అందులో పడ్డాక అది ఏ కంటికీ కనబడదు గనక నిబంధన వర్తించదని మనవాళ్ళ ధీమా కాబోలు. వెతకడానికి దిగిన నలుగురికీ ఆకు అంచులు మోచేతుల దాకా గీట్లు పెడతాయి, వాళ్ళ కాళ్ళకింద గడలు పటపటమని విరుగుతాయి. గట్టు మీద రైతు అడుగుతాడు: “ఏటి బావూ, ఇది ఎగరడానికొచ్చినాదా, పడిపోడానికొచ్చినాదా?”

రెండో టెస్టు వచ్చే ఆదివారమట. సంతోషం. జనాన్ని రన్‌వేకి ఎదురుగా కాకుండా మీ వెనకాల నిలబెట్టండి. విరగబోయే గడల ఖరీదు ముందుగానే గట్టు మీద పెట్టి, అప్పుడు ప్రొపెల్లరు తిప్పండి.