తటస్థ మాస్టారు

సెమిస్టరు ఆఖరి వారంలో శ్రీకాకుళం బీఈడీ మాస్టార్ని చూడాలంటే స్టాఫ్ రూములో రికార్డుల గుట్ట వెనక వెతకాలి. ఏడాది కోర్సు 2015లో రెండేళ్ళయింది. మాస్టారు మాత్రం ఒక్కరే మిగిలారు. పాఠ్యపథకాలు, మైక్రో టీచింగు, పరిశీలన రికార్డు, ఇంటర్న్‌షిప్ డైరీ, అన్నిటికీ ఆయన సంతకమే కావాలి.

ఆ సంతకాలకో పద్ధతుంది. సంతకం జాగా మాత్రం కనపడేలా ప్యూను రికార్డులు తెరిచి, ఒకదాని మీద ఒకటి జరిపి పేరుస్తాడు. మాస్టారు పైనుంచి కిందికి ఒకే ఊపులో దిగిపోతారు. మధ్యలో ఎక్కడో పోయినేటి సీనియరు పేరు వైటనర్ కింద నుంచి తొంగి చూస్తుంది. దాని పక్కనే 'చూడబడినది' అని పడిపోతుంది. పలాస నుంచి ప్యాసింజరులో ఒకమ్మాయి తెచ్చిన థర్మోకోల్ సౌరకుటుంబంలో శనిగ్రహం నౌపడా దగ్గరే ఊడిపోయింది. "ఫర్వాలేదమ్మా, శనిని నోటితో చెప్పీ" అన్నారు. హాజరు పట్టీలో అందరిదీ 75 శాతం దాటే ఉంటుంది. ఆ అందరిలో సగం మందిని ఆయన పరీక్షనాడే మొదటిసారి చూస్తారు.

భోజనాల వేళకి అదే ఎర్రపెన్ను పేపర్ల మీదికి మళ్ళుతుంది. ఒక్క పేపరే చదివేవాడికి ఓటుంటుంది గానీ అభిప్రాయం ఉండదని మాస్టారి సిద్ధాంతం. అందుకే ఈనాడు, సాక్షి రెండూ కొంటారు. రికార్డుల్లో కనపడనివన్నీ ఇక్కడ కనపడతాయి. 'వెల్లువెత్తిన జనం' కింద గీత: ఎంతమంది? 'దుమారం' కింద గీత: ఎవరు లేపారు? 'విశ్వసనీయ వర్గాలు' చుట్టూ పెద్ద సున్నా. చివర ఇరవైకి మార్కులు. ఏ పేపరూ ఇంతవరకు పాసవలేదు.

ఈనాడు 1974 ఆగస్టు 10న మన పక్కనున్న విశాఖలోనే మొదలైంది, సాక్షి 2008 మార్చి 24న ఒక్కరోజే 23 ఎడిషన్లతో దిగింది. మొదటిది తెలుగుదేశం వైపని లోకం అనుకుంటుంది, రెండోది జగన్ పెట్టిందే. ఈ మాత్రం ఏడు రోడ్ల కూడలిలో టీ కాచే కుర్రాడికీ తెలుసు. మాస్టారికి మాత్రం ఇది రోజూ పొద్దున్నే కొత్తగా కనిపెట్టాల్సిన సంగతి. మొన్న ఆ కొట్టు దగ్గరే ఓ సభ ఫోటోలు రెండు పక్కపక్కన పెట్టారు. ఒకదాంట్లో ఇసకేస్తే రాలని జనం, ఇంకోదాంట్లో వరసగా ఖాళీ కుర్చీలు.

"నేనూ వెళ్ళానండీ. నిండిందీ నిజమే, ఖాళీ అయిందీ నిజమే. సభ అయిపోయాక జనం అక్కడే తొంగుంటారేటి?" అన్నారు మాస్టారు.

"మరయితే రోడ్డు ఏస్తారేటి, ఏయరేటి మాస్టారూ?" అన్నాడు కుర్రాడు.

మాస్టారు రెండు పేపర్లూ తిరగేశారు. రోడ్డు సంగతి రెండింట్లోనూ లేదు.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో నాకు పేచీ లేదు. పక్షం ఉండటం తప్పు కాదంటారు. మన జిల్లా పర్వతాలపేటలో పుట్టిన గిడుగు రామమూర్తిగారు 1919లో 'తెలుగు' పత్రిక నడిపింది వాడుకభాష పక్షానే. విజయనగరం గురజాడ మద్రాసు యూనివర్సిటీకి అసమ్మతి పత్రం రాసిందీ ఆ పక్షానే. ఎవరి వైపో చెప్పి మరీ వాదించారు. "ఇప్పుడు చూడండి, ఆఖరి పేజీ దాకా ఒకడి భజనే చేసి, మేం తటస్థులం అంటారు" అని మాస్టారు టీ గ్లాసు ఠంగుమని పెడతారు.

ప్రాక్టికల్స్ నాడు ఎక్స్‌టర్నల్‌గారు వచ్చారు, భోంచేశారు, వెళ్ళారు. సాయంత్రం బోధనోపకరణాల ప్రదర్శన వార్త కోసం కంట్రిబ్యూటరొకడు వచ్చాడు. మాస్టారి పాత శిష్యుడే.

"ఎనక బెంచీలు కాళీగా పడతన్నాయి మాస్టారూ. ముందు నుంచి తీసీమంటారేటి?"

మాస్టారికి కోపం నషాళానికంటింది. "కోణం మార్చి జనాన్ని మోసం చేస్తావురా? నేను నేర్పిందిదేనేటి? ఉన్నది ఉన్నట్టు తియ్యి!"

అని, ప్యూన్ని కేకేసి, వెనక బెంచీలన్నీ బేగి వరండాలోకి మోయించేశారు.