ఎలక్ట్రాన్ కోనులు అటకెక్కించకండి

మా రోజుల్లో రొమ్ము క్యాన్సర్‌కి కరెంటు (రేడియేషన్) పెట్టాలంటే ముందు సీసపు తీగ చేతికి రావాలి. రోగి ఛాతీ వంపు మీద ఆ తీగని మెల్లగా అదిమి, ఆకారం చెడకుండా తీసి, గ్రాఫు కాగితం మీద గీసుకునేవాళ్ళం. దాని మీద డోసు చార్టులు పరిచి, కిరణంలో ఊపిరితిత్తి ఎంత పడుతోందో పెన్సిలుతో లెక్క కట్టేవాళ్ళం. ఒంటి మీద గుర్తులు జెన్షన్ వయొలెట్‌తో పెట్టేవాళ్ళం. ఎండాకాలం ఉక్కకి ఆ గీతలు సాయంత్రానికల్లా జాకెట్టుకి అంటుకుపోయేవి. "గీత చెరిగిపోయింది బాబూ" అని పెద్దావిడలు భయపడుతూ వచ్చేవారు. మళ్ళీ కొలత, మళ్ళీ గీత.

అప్పటి మిషను కోబాల్టు. అయిదేళ్ళు దాటి మూణ్ణెల్లయ్యేసరికి సోర్సు బలం సగమైపోయేది, మనిషి బల్ల మీద పడుకోవాల్సిన టైము రెట్టింపయ్యేది. మా పెనుగొండ వైపు వాళ్ళు తణుకులో రైలెక్కి, హైదరాబాదులో 1955 నాటి ఎం.ఎన్.జె. ఆసుపత్రి దాకా వెళ్ళి, 25 సిట్టింగులకి అయిదు వారాలు అక్కడే ఉండిపోవాల్సి వచ్చేది. ఆ అవస్థ మళ్ళీ రావాలని నేనెందుకంటాను? 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చింది. ఇప్పుడైతే సిద్ధాంతం దగ్గర వంతెన దాటి రాజమండ్రి మీదుగా వెళ్తే రాజానగరంలో జీఎస్‌ఎల్ వారి క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. మూడు వారాల్లో 15 సిట్టింగులు చాలని బ్రిటన్ వాళ్ళు పరీక్షలు చేసి తేల్చారు. ఇవన్నీ సంతోషించాల్సినవే. నా బాధ ఎలక్ట్రాన్ల గురించి.

ఇప్పటి లీనియర్ యాక్సిలరేటర్లు చాలావాటిలో ఫోటాన్లూ వస్తాయి, ఎలక్ట్రాన్లూ వస్తాయి. ఫోటాన్ ఒంట్లోంచి దూసుకుపోయి అవతల తేలుతుంది. ఎలక్ట్రాన్ ఆగిపోతుంది. 9 ఎంఈవీ శక్తి ఉన్న ఎలక్ట్రాన్ నాలుగున్నర సెంటీమీటర్లు దాటదు. ఎడమ రొమ్ము తీసేసిన మనిషికి ఛాతీ గోడ పల్చగా ఉంటుంది, దాని వెనకే గుండె. రొమ్ము ఎముక పక్కనున్న గ్రంథులకి కూడా డోసు అందాలని ఏటవాలు ఫోటాన్ కిరణాన్ని వెడల్పు చేస్తే గుండె అందులో పడుతుంది. గుండెకి పడే సగటు డోసు ఒక్కో గ్రే పెరిగినకొద్దీ పెద్ద గుండెజబ్బుల ముప్పు 7.4 శాతం చొప్పున పెరుగుతుందని 2013లో సారా డార్బీ బృందం లెక్క చెప్పింది. అందుకే యాక్సిలరేటర్లు వచ్చాక ఎముక పక్కన ఎలక్ట్రాన్లు ఎదురుగా వేసి, మిగతాది ఫోటాన్లకి వదిలేవాళ్ళం. ఎలక్ట్రాన్లొక్కటే వేస్తే చర్మం కమిలిపోతుంది గనక ఆ ముక్కలోనూ కొంత వాటా ఫోటాన్లకి ఇచ్చేవాళ్ళం.

కష్టమంతా రెండూ కలిసే చోటే. ఎలక్ట్రాన్ కిరణం చర్మం కిందకి వెళ్ళాక పక్కలకి ఉబ్బుతుంది. ఒకదాని మీద ఒకటి ఎక్కితే అక్కడ మాడుతుంది, మధ్యలో సందు మిగిలితే జబ్బు మిగులుతుంది. గట్టుకి ఒక పక్క చేను మునిగి, రెండో పక్క చేను ఎండినట్టు. అందుకని 70 డిగ్రీలకే కరిగే మిశ్రమ లోహాన్ని అచ్చులో పోసి, ఎవరి కటౌటు వారికి చేసి, మిషను మూతికి తగిలించే కోనుకి బిగించి, లైటు అంచు చర్మం మీది గీతకి ఆనిందో లేదో వంగి చూసుకునేవాళ్ళం. జాయింటు గీతని కొన్ని సిట్టింగులకొకసారి కాస్త జరిపేవాళ్ళం, ఒకేచోట పదే పదే పడకుండా.

ఇప్పుడు నేను చూసిన చోట్ల ఆ కోనులు అలమరలో పడున్నాయి. మిషను మనిషి చుట్టూ తిరుగుతూ ఫోటాన్లు వేస్తుంది, తెర మీద ప్లాను ముచ్చటగా ఉంటుంది. కానీ చిన్న డోసు అవతలి రొమ్ముకీ, రెండు ఊపిరితిత్తులకీ పాకుతుంది. ఇంకా ముప్పై ఏళ్ళు బతకాల్సిన నలభై ఏళ్ళ మనిషికి అది చిన్నదెలా అవుతుంది? కుర్రాళ్ళని అడిగితే "టైము లేదు సార్, కోను తగిలించడానికి మళ్ళీ లోపలికెళ్ళాలి" అంటారు. గుండె తప్పించడానికి ఊపిరి బిగబట్టిస్తున్నాం కదా అంటారు. మంచి పద్ధతే, కాదనను. ఆయాసంతో ఉన్న పెద్దావిడ ఇరవై సెకన్లు ఊపిరి ఎలా బిగబడుతుంది? అలాంటి మనిషికే ఎలక్ట్రాన్లు కావాలి. ఆ పని నేర్పేవాడు లేడు, నేర్చుకుంటామనేవాడూ లేడు. ఈ మాట తలుచుకుంటే నాకు కోపం ఆగదు.

మేం గ్రాఫు కాగితం మీద అంచనా వేసింది ఇప్పుడు సీటీ స్కాన్ మీద మిల్లీమీటరు తేడా లేకుండా కనిపిస్తోంది. ఎలక్ట్రాన్ల డోసు లెక్కలు ఇప్పటి సాఫ్ట్‌వేర్లు మాకంటే ఎన్నో రెట్లు బాగా కడుతున్నాయి. అందుకే అడుగుతున్నాను. ఎడమ పక్క కేసు వచ్చినప్పుడల్లా రెండూ కలిపిన ప్లాను ఒకటి వేసి, మామూలు ప్లాను పక్కన పెట్టి, గుండెకెంత, అవతలి రొమ్ముకెంత, జాయింటులో ఎంత అని పోల్చి చూడండి. ఆ తర్వాతే సంతకం పెట్టండి. గంటో రెండు గంటలో ఎక్కువ పడుతుంది. పట్టనివ్వండి.