చేతక్ చేసిన ఉపవాసం

మా వైపు మనుషులు ఊరొదిలి పోవడం కొత్తేమీ కాదు. మిరపకోతల కాలానికి ఆదోని చుట్టుపక్కల పల్లెలు సుగ్గికని గుంటూరు వైపు కదులుతాయి. ఇంటి తాళం ఎవరికివ్వాలో, మేకలు ఎవరికప్పజెప్పాలో, ముసలామెకు సంగటి ఎవరు పెట్టాలో వాళ్లకు బాగా తెలుసు. నేను రిటైరైన ఐవారిని. పోయింది సుగ్గికి కాదు, బెంగుళూరులో కూతురి పురిటికి. ఐదు నెలలు. గ్యాసు కట్టేశాను, పాలు మాన్పించాను, తులసికోటకు నీళ్లు పోసే మనిషిని చూశాను. చేతక్ సంగతి మాత్రం తట్టలేదు. నిలబెట్టిన బండి మేత అడుగుతుందా?

తిరిగొచ్చాక తెలిసింది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు బడికి ఇరవై ఏళ్లు నన్ను మోసిన స్కూటరు. కిక్కు కొట్టే ముందు పక్కకు వంచాలి. ఎందుకని అడగొద్దు, దేశమంతా వంచింది. వంచాను, కొట్టాను. నలభై కిక్కులయ్యేసరికి బండి అలాగే ఉంది, నేనే పక్కకు వంగిపోయాను.

చివరికి దాన్ని ట్రాలీ ఆటోలో ఎక్కించి ఎమ్మిగనూరు తీసుకుపోయాను. ఇరవై ఏళ్ల రుణం ముప్పై కిలోమీటర్లలో తీర్చుకున్నట్టయింది. సోమప్ప సర్కిల్ దాటాక మా మేస్త్రీ కొట్టు. ఈ సోమప్ప అంటే 1938లో చేనేత సహకార సంఘం పెట్టి ఊరికి నూలు మీద అన్నం పెట్టిన మాచాని సోమప్ప. ఆ ఊళ్లో మెకానిక్కు కూడా నూలు లెక్కల్లోనే మాట్లాడతాడు.

కార్బురేటరు విప్పి అరచేతిలో పెట్టుకుని నా మొహం చూశాడు.

"ఇదేమి ఐవారూ, దీంట్లో బెల్లం పాకం పట్టినారు?"

పాకం నేను పట్టలేదు, పెట్రోలే పట్టింది. పెట్రోల్లో తేలికపాటి భాగం ముందు ఆవిరై పోతుందట, మిగిలింది ముదిరి జిగురవుతుందట. టూ స్ట్రోకు బండి కాబట్టి లీటరుకు 20 మిల్లీలీటర్ల చొప్పున నేను కలిపిన ఆయిలు ఎక్కడికీ పోదు, అడుగున కూర్చుంటుంది. బండి నెమ్మదిగా ఆడేటప్పుడు పెట్రోలు వచ్చే పైలట్ జెట్ బెజ్జం చూపించాడు. "మా ఊరి పోగు గూడ దూరదు సార్ దీంట్లో. ఇంత జిగురు కూసుంటే ఎట్ల?" తీగతో పొడవమన్నాను. పొడిస్తే బెజ్జం పెద్దదై జన్మంతా పెట్రోలు తాగతాదని కసిరి, గాలి కొట్టి శుభ్రం చేశాడు.

ట్యాంకు అడుగున నీళ్లు కూడా కనిపించాయి. ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు. అది గాలిలోని తేమను లాక్కుంటుంది. తుంగభద్ర దిగువ కాలువ చివరి మడికి రాని నీళ్లు నా స్కూటరు ట్యాంకులోకి వచ్చాయి! ఆ కాలువ కింద నాకు సెంటు భూమి కూడా లేదు.

"బండి నిలబెట్టాలంటే దాన్ని ఉపాసం ఉంచల్ల," అన్నాడు మేస్త్రీ. ట్యాంకు ఖాళీ చేసి, పెట్రోలు ట్యాప్ మూసి, కార్బురేటర్లో మిగిలింది అయిపోయేదాకా బండి ఆడనివ్వాలి. మోటారుసైకిళ్లకైతే కార్బురేటరు అడుగున స్క్రూ ఉంటుంది, అది తిప్పితే మిగిలింది కారిపోతుంది. ప్లగ్ విప్పి నాలుగు చుక్కలు ఆయిలు వేసి రెండు కిక్కులు కొట్టాలి. సైలెన్సర్ మూతికి నూనెగుడ్డ పెడితే ఎలుకలు దూరవు.

మరుసటేడు మళ్లీ ప్రయాణం. మేస్త్రీ చెప్పినట్టే చేశాను. తీసిన పెట్రోల్లో ఆయిలు కలిసి ఉంది కాబట్టి పక్కింటాయన పాత టూ స్ట్రోకు మోపెడ్‌కు ఇచ్చాను. ట్యాప్ మూసి స్కూటరు పక్కన నిలబడ్డాను. రెండు నిమిషాలు బాగానే ఆడింది. తరవాత ఎగశ్వాస. గొంతు పెంచింది, తగ్గించింది, ఒకసారి ఉలిక్కిపడి ఆగిపోయింది. మా ఆవిడ గుమ్మంలోంచి "ప్రయాణం పొద్దు ఇదేం పనండీ" అని చెంపలు వేసుకుంది.

పెట్రోలు పుచ్చుకున్న పక్కింటాయన కృతజ్ఞతగా, "వారానికోసారి నేను స్టార్ట్ చేసి పెడతా సార్" అన్నాడు. వద్దన్నాను. రెండు నిమిషాలు ఆడించి ఆపితే సైలెన్సర్లో చెమ్మ చేరుతుంది, ఎండగట్టిన కార్బురేటర్లో మళ్లీ పెట్రోలు నిండుతుంది. అదీగాక స్టార్టయిన బండి ఊరికే ఆగదు. మంత్రాలయం దాకా పోయి స్వామి దర్శనం చేసుకునొస్తుంది.

ఒక్కచోట మాత్రం సొంత తెలివి వాడాను. నూనెగుడ్డ దేనికి? పత్తి మార్కెట్టున్న ఆదోనిలో ఉంటూ దూదికి కరువా? రెండు గుప్పిళ్ల దూది సైలెన్సర్లోకి కూరాను.

ఐదు నెలల తరవాత కొత్త పెట్రోలు, కొత్త ఆయిలు. వంచాను, కొట్టాను. ఉలుకూ పలుకూ లేదు. ఫోన్ చేశాను.

"ట్యాప్ తిప్పినారా?"

"తిప్పినానప్పా."

"ప్లగ్ క్యాప్?"

"పెట్టినా."

"ఎనకాల గుడ్డ తీసినారా?"

గుడ్డ పెట్టలేదు కాబట్టి తీయలేదని చెప్పడానికి నోరు రాలేదు. ఫోన్ పెట్టేసి వేలికందినంత దూది లాగాను. అందనిది చేతక్కే చూసుకుంది. ఆదోని కొండ మీద కోటలో ఫిరంగులు మోగి ఎన్నాళ్లయిందో తెలీదు గానీ, ఆ పొద్దు మా వీధిలో ఒకటి మోగింది. నల్లబడిన దూది ఎగిరి, పక్కింట్లో ఎండబెట్టిన వడియాల మీద పడింది. నేనిచ్చిన పెట్రోలు ఆ ఇంట్లో ఆ రోజుతో మర్చిపోయారు.

2020 తరవాత వచ్చిన కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ కార్బురేటరు లేదు, ఈ ఉపవాసాలూ లేవు. మావంటి పాత కాపురాలకే తప్పదు. మళ్లీ బెంగుళూరు పోతున్నాం. ఈసారి గుడ్డే పెట్టాను. హ్యాండిల్‌కు అట్టముక్క కూడా కట్టాను: "ట్యాప్ మూసి ఉంది. వెనక గుడ్డ ఉంది." మీరూ కట్టుకోండి. కళ్లజోడు లేకుండా కనబడేంత పెద్దక్షరాలతో రాయండి.